ఖాళీ గడుల పట్టిక

కుటుంబ చరిత్ర రాసుకోవడం నేర్పే పాఠాలు ఈ మధ్య మన పిల్లల చేతికీ వస్తున్నాయి. మేమూ చదివాం. అన్నీ ఒకే తీరున మొదలవుతాయి: ఇంట్లో కాగితాలు తీయండి, పుట్టిన తేదీలు రాయండి, పాత జనాభా లెక్కల్లో పేరు వెతకండి. ఇంగ్లండులో, అమెరికాలో ఇది నడుస్తుంది. అక్కడ పాత లెక్కల్లో మనిషి పేరు, వయసు ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం. ఆ సంగతి చెప్పకుండా పాఠాన్ని తర్జుమా చేసి పంచితే పిల్లవాడు రెండో పేజీలోనే ఆగిపోతాడు. ఆగితే పర్వాలేదు, మనకు చరిత్రే లేదనుకుంటాడు. మా అభ్యంతరం అదే.

ఆదిలాబాద్ వైపు గోండు పిల్లవాణ్ణే తీసుకుందాం. పుట్టిన తేదీ అడిగితే తాత నవ్వుతాడు. ఏ ఏడు ఏం జరిగిందో అడిగితే చెప్తాడు. జోడేఘాట్‌లో భీము చనిపోయిన నాటికి మా నాయనకు అప్పుడే నడక వచ్చిందట, ఇంద్రవెల్లి కాల్పుల నాటికి నాకు పెళ్లయింది అంటాడు. 1940, 1981. రెండు తరాలకు లెక్క కుదిరింది. ఇక ఇంటిపేరు. కొమురం, కుమ్రం, కుమ్ర అని రాసే గుమాస్తాను బట్టి మారింది. ఒక్క రాతనే పట్టుకుని వెతికితే సొంత చిన్నాయన కూడా పరాయివాడౌతాడు.

కాగితం లేని చోట మనకు వేరే దస్త్రాలున్నాయి. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ వంశాల కథ చెప్తారు. కోయల్లో డోలీలు పడిగె విప్పి ఇలవేల్పు కథ పాడతారు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వాళ్లు కొత్త కోడళ్లకు భేటింగ్ చేయించి దేవుడికి పరిచయం చేస్తారు. అదీ ఒక నమోదే.

అయితే వీటిని పొగిడి ఊరుకోవడం కూడా సరికాదు. ప్రధాన్ పాట వంశం ఎక్కడ పుట్టిందో చెప్తుంది, మీ ముత్తాత ఏ గూడెం నుంచి ఏ గూడానికి వచ్చాడో చెప్పదు. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. మేము మొదట గీసిన పట్టికలో అవ్వల గడిలో "భార్య" అన్న ముక్క తప్ప పుట్టింటి ఊరు లేదు, వంశమూ లేదు. తప్పు మాదే. వలసల కథలు ఎక్కువ గుర్తున్నది వాళ్లకే. పుట్టింటి దారి మరిచిపోయే ఆడబిడ్డ ఉంటుందా?

ఇదంతా సరదా పని కాదు. అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి దరఖాస్తు పెట్టినప్పుడు 13వ నియమం చూడండి. పాత రికార్డుల్లో పేరున్న వాళ్లకు, ఊళ్లో ఒకప్పటి నివాసులుగా గుర్తింపు ఉన్న వాళ్లకు మనల్ని కలిపే వంశవృక్షం సాక్ష్యమే. దరఖాస్తుదారు కాని పెద్దల మాట రాసిపెట్టినా సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్క సాక్ష్యం చాలదు, ఒకటికి మించి చూడాలి. పెద్దమనిషి పోయాక రాద్దామంటే ఏం రాస్తాం?

అందుకే ఇప్పుడు మేము పట్టిక పంచడం మానేశాం. మొదటి రోజు పిల్లల్ని ఊరి పెద్దతో, ఒక అవ్వతో శ్మశానానికి నడిపిస్తున్నాం. ఎవరి రాయి ఎక్కడుందో వాళ్లు చూపిస్తారు, పిల్లలు రాసుకుంటారు. పహాణీ నకలు కోసం మండలాఫీసుకు వెళ్లేది ఆ తరువాతే.