ఈ దారం ఎక్కడిది?

అమ్మ చీర మీద కత్తెర పెట్టడానికి నాకు ఏడాది పట్టింది. తీయడం, మడత విప్పడం, మళ్లీ బీరువాలో పెట్టేయడం. మొన్న సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుని, అంచు దగ్గర మూరెడు ముక్క కోశాను. గంధం రంగు నేతచీర, వంగపండు రంగు అంచు. అమ్మ దాన్ని కొత్తలో పేరంటాలకి కట్టింది, పాతబడ్డాక ఇంట్లో కట్టింది, చివరి రోజుల్లో దుప్పటి బరువనిపిస్తే దాన్నే కప్పుకుంది.

అంచు రంగు పడుగు పోగుల్లో ఉంటుంది. అందుకని చీర పొడుగు వెంబడే ఒక్కో పోగూ లాగాలి. తొందరపడితే సగంలో తెగుతుంది. ముప్పై ఏళ్లు ఉతికి, గంజి పెట్టి, ఎండలో ఆరేసిన నూలు కదా, బిగువు ఏనాడో పోయింది. నాలుగైదు పోగులు కలిపి, వేళ్ల మధ్య పురి తిప్పి, కొవ్వొత్తి మీద ఒకసారి రాసి లాగితే గానీ సూది బెజ్జంలోకి ఎక్కదు. మూరెడుకి మించిన దారం తీసుకుంటే, గుడ్డలోంచి మాటిమాటికీ దూరి వచ్చేసరికి నలిగి పీచు లేస్తుంది.

ఆ దారంతో అమ్మ చేతిరాత కుడుతున్నాను. ఆమె పద్దుల పుస్తకంలోంచి ఒక పేజీ. కందిపప్పు, చింతపండు, అగరొత్తులు, సబ్బులు, పక్కన అంకెలు. ట్రేసింగ్ కాగితం మీద దించుకుని, కార్బన్ పేపరుతో పాత గలీబు మీదికి ఎక్కించాను. తెలుగు అక్షరానికి కాడకుట్టు చక్కగా ఒదుగుతుంది. వంపు తిరిగే చోట కుట్టు పొట్టిగా వేయాలి, లేకపోతే సున్నా పలకలు పలకలుగా తేలుతుంది. కష్టమల్లా తలకట్టుతోనే. చిటికెడు గీత, కిందికి దిగీ దిగకముందే కోసుగా పైకి లేవాలి. అమ్మ రాతలో అది కుడివైపుకి బాగా వాలి ఉంటుంది, ఎప్పుడూ తొందరలో రాసినట్టు. ఒక్కో తలకట్టునీ రెండు మూడుసార్లు ఊడదీశాను. ఊడదీసిన ప్రతిసారీ దారం ఇంకొంచెం బక్కచిక్కుతుంది.

చిన్నప్పుడు దారం అంటే ఫ్యాన్సీ షాపులో గాజు బీరువాలో రంగుల వరసగా వేలాడే యాంకర్ లడీలే. ఆరు పోగుల దారంలోంచి రెండు విడదీసి కుట్టేవాళ్లం. బళ్లో కుట్లు అల్లికల క్లాసులో టీచరుగారు రింగు చేతికిస్తే ముందువైపు చూడకుండా తిప్పి వెనకవైపు చూసేవారు. ముడులు కనిపిస్తే మార్కులు పోయేవి. గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు, అన్నీ అక్కడే నేర్చుకున్నాను, ఆ చేతికి రుణపడి ఉన్నాను. కానీ ఆ దారం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మా ఎవరికీ రాలేదు. కొట్లోంచి వచ్చింది, అంతే.

ఆ ప్రశ్న నాకు తగిలించినవాడు బ్రెజిల్‌లో ఒక పిచ్చాసుపత్రిలో బతికిన మనిషి. పేరు అర్తూర్ బిస్పో దో రొజారియో. ఒకప్పుడు నౌకాదళంలో నావికుడు, కొన్నాళ్లు బాక్సరు. 1938 డిసెంబరులో ఒక రాత్రి దేవదూతలు తనకి కనిపించారన్నాడు. అక్కణ్నించి ఆసుపత్రి పాలయ్యాడు. స్కిజోఫ్రీనియా అన్నారు. రియో డి జెనీరో శివార్లలోని జులియానో మొరెయిరా అనే మానసిక చికిత్సాలయమే మధ్య మధ్య విరామాలతో 1989లో చనిపోయేదాకా ఆయన ఇల్లయింది. ప్రపంచంలో ఉన్నవన్నీ లెక్కరాసి తీర్పు రోజున దేవుడికి అప్పజెప్పాలని తనకి ఆజ్ఞ అయిందని నమ్మాడు. లెక్క దేనితో రాయాలి? అక్కడి రోగులకిచ్చే నీలం యూనిఫారాలు ఉండేవి. వాటిని పోగు పోగుగా ఊడదీశాడు. ఆ నీలం దారంతో పాత దుప్పట్ల మీద ఓడలు, జెండాలు, మనుషుల పేర్లు కుట్టాడు. కర్రముక్కలతో చేసిన వస్తువులకి అదే దారం బిగించి చుట్టాడు. దేవుడి ముందు నిలబడే రోజున వేసుకోవడానికి ఒక పెద్ద అంగీ కుట్టుకున్నాడు. దాని లోపలి వైపు, ఒంటికి తగిలే వైపు, తనతో పాటు దేవుడి దగ్గరికి తీసుకెళ్లాలనుకున్నవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. ఎక్కువమంది ఆడవాళ్లే.

తను చేసేది కళ అని ఆయన ఏనాడూ అనుకోలేదు. పోయాక 1995లో వెనిస్ బియెన్నాలే కళాప్రదర్శనకి బ్రెజిల్ తరఫున ఆ పనులూ వెళ్లాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ దారమే. మనిషిని రోగిగా ముద్రవేసే బట్టనే ఊడదీసి, ఆ పోగుతోనే తనకి దేవుడి దగ్గర వేసుకోదగిన బట్ట కుట్టుకున్నాడు. అదే అంగీని బజారు దారంతో కుట్టి ఉంటే నేను రెండోసారి చూసి ఉండేదాన్ని కాదేమో.

అప్పటినుంచి ఎక్కడ మంచి ఎంబ్రాయిడరీ కనిపించినా ముందు దారం సంగతే వెతుకుతున్నాను. 1941లో క్రీట్ దీవిలో జర్మన్లకి పట్టుబడ్డ బ్రిటిష్ మేజర్ అలెక్సిస్ కాస్‌డాగ్లీ యుద్ధఖైదీగా ఉంటూ ఒక క్రాస్ స్టిచ్ పటం కుట్టాడు. దారం ఒక ముసలి జనరల్ గారి చివికిపోయిన స్వెట్టర్‌లోది. అంచు చుట్టూ చుక్కలూ గీతలూ అందమైన డిజైనులా ఉంటాయి. అవి మోర్స్ అక్షరాలు. చదివితే తమ రాజుని దేవుడు కాపాడాలన్న మాట ఒక వరసలో, హిట్లర్‌కి ఒక పచ్చిబూతు ఇంకో వరసలో. జర్మన్లు ముచ్చటపడి దాన్ని క్యాంపుల్లో ప్రదర్శనకి పెట్టారు.

చిలీ సంగతి ఇంకా బరువైనది. 1973లో పినోషే సైన్యం అధికారం లాక్కున్నాక వేలమందిని పట్టుకెళ్లారు, చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల తల్లులూ భార్యలూ శాంతియాగోలో చర్చి అండతో గుంపులుగా కూర్చుని గోనెపట్టా మీద గుడ్డముక్కలు అతికి కుట్టేవారు. వీధి, ఇళ్లు, వెనక కొండలు, పైన సూర్యుడు, మధ్యలో పోలీసులు లాక్కెళ్తున్న మనిషి. అర్పియేరాలంటారు వాటిని, ఆ మాటకి గోనెగుడ్డ అనే అర్థం. కొన్నిట్లో తిరిగిరాని కొడుకు చొక్కా ముక్కే బొమ్మలో చొక్కా అయింది. ఇల్లు గడవడానికి వాటిని విదేశాలకి అమ్మారు. చిలీలో ఏం జరుగుతోందో బయటి లోకానికి చెప్పినవాటిలో అవీ ఉన్నాయి. ఆ చొక్కా ముక్కని కొలిచి కత్తిరించిన తల్లి చెయ్యి ఎలా ఆడిందో! నాకు ఒక చీర అంచుకే ఏడాది పట్టింది.

లూయీజ్ బూర్జువా అని గొప్ప శిల్పి. తల్లిదండ్రులు పారిస్ దగ్గర పాత తివాచీ చిత్రాలు బాగుచేసే పని చేసేవారు. పిల్లగా ఉన్నప్పుడు చిరిగిపోయిన చోట బొమ్మ పాదాలు గీసివ్వడం ఆమె వంతు. జీవితమంతా రాయీ కంచూ చెక్కీ పోతపోసీ, ఎనభై దాటాక బీరువా తెరిచి తన బట్టలే కోయడం మొదలుపెట్టింది. 1938లో పెళ్లికి తెచ్చుకున్న తువ్వాళ్లు పేజీలుగా 2002లో ఒక గుడ్డ పుస్తకం కుట్టింది. పేరు మరుపుకి పాడిన పాట అన్నట్టుగా ఉంటుంది. ఒక్కటీ పారేయకుండా దాచుకున్న మనిషి మరుపుని పొగడడం నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. ఆ పుస్తకం గురించి ఇంకో వారం రాస్తాను.

ఇంత దూరం వెళ్లక్కర్లేదనీ తెలుసు. బెంగాల్ కాంథాలో రంగుదారం పాత చీర అంచుల్లోంచి లాగిందే. మా నాన్నమ్మ బొంత కూడా అంతే. నాలుగు పాతచీరలు పొరలుగా పరిచి, మూలలకి రోకలీ, సన్నెకల్లూ బరువు పెట్టి, చుట్టూ ఇరుగమ్మా పొరుగమ్మా కూర్చుని కుట్టేవారు. దారం కొనడమేమిటే, అంచు ఉంది కదా అనేది. బిహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఊళ్లో ఇలాంటి బొంతకుట్టు నుంచే సుజనీ అనే కుట్టుపని మళ్లీ లేచింది. వరకట్నం, ఆడపిల్ల పుట్టుక, తాగొచ్చిన భర్త, అన్నీ అక్కడి ఆడవాళ్లు గుడ్డమీద బొమ్మలుగా కుడతారు. దాన్ని నిలబెట్టిన నిర్మలాదేవి గారికి 2025లో పద్మశ్రీ వచ్చింది.

అందరూ పాత దారమే వాడాలని నేననడం లేదు. మన హైదరాబాద్ చిత్రకారిణి వరుణికా సరాఫ్ స్వతంత్ర భారతంలోని ఉద్యమాల్నీ హింసనీ చిన్న చిన్న గుడ్డముక్కల మీద ఎంబ్రాయిడరీగా కుట్టారు. వార్తాపత్రికలో అర నిమిషం చూసి తిప్పేసే దృశ్యం మీద అన్ని గంటలు సూది పట్టి కూర్చోవడమే అక్కడ అసలు పని. కానీ డిజైనూ, గుడ్డా, దారమూ కొలిచి పెట్టెలో పెట్టి అమ్మే కిట్లు చూస్తే నాకు దిగులేస్తుంది. చెయ్యి తిరగడానికి మంచివే. అవి పూర్తయ్యాకైనా ఒకసారి ఇంట్లో బీరువా తెరవమని నా దగ్గర నేర్చుకునే పిల్లలకి చెబుతుంటాను.

మా వీధిలోకి ఇప్పటికీ పాత పట్టుచీరలు కొంటామని కేకవేస్తూ ఒకాయన వస్తాడు. జరీ అంచు కాలిస్తే వెండి మిగులుతుంది, లెక్క ఆ వెండికే. అమ్మ తన పెళ్లిచీర అంచూ కొంగూ అలాగే కోసి ఇచ్చేసింది, నా కాలేజీ ఫీజు కట్టాల్సిన ఏడాది. మిగిలిన పట్టుతో నాకు జాకెట్టు కుట్టించింది. అంచు ఏదమ్మా అని అడిగితే, చదువుకుంటోంది అంది.

ఆ చీర దారం నా దగ్గర ఒక్క పోగు లేదు. ఉన్నది ఈ నేతచీర. నిన్న రాత్రికి 'అగరొత్తులు' పూర్తయింది. ఒత్తు కింద దారం చాలక ఇంకో మూరెడు అంచు కోశాను. ఈసారి చెయ్యి అంతగా వణకలేదు.