షికారు పుస్తకాల్లో తూటా, హాకా మనిషి

షికారు పుస్తకాలు మేం ఇష్టంగానే చదివాం. జిమ్ కార్బెట్, కెన్నెత్ ఆండర్సన్ రాసినవి చదివిన రాత్రి నిద్ర పట్టని మాట నిజం. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి ఆ పుస్తకాల్లోని వాగులు, పొదలు, అడుగుజాడలు మాకు కొత్త కాదు. అయినా చదివిన ప్రతిసారీ ఒక చోట ఆగిపోతాం. పెద్ద జంతువుకు ఏ తూటా వాడాలి అని షికారీలు వాదించుకునే చోటు అది. తూటా గురించి అంత జాగ్రత్తగా ఆలోచించినవాళ్లు, ఆ తూటా దారిలో నిలబడ్డ మనిషి గురించి అంత జాగ్రత్తగా రాయలేదని మా ఫిర్యాదు.

ముందు ఆ వాదంలోని సరుకేమిటో చూద్దాం. తూటా బరువును గ్రెయిన్లలో చెప్తారు. పాత తులానికి 180 గ్రెయిన్లు. ఆండర్సన్ ఎక్కువగా వాడిన .405 వించెస్టర్ తూటా 300 గ్రెయిన్లు, అంటే తులంన్నర పైమాట. ఏనుగు, అడవిదున్నలాంటి వాటికోసం చేసిన .450 రైఫిల్ తూటా 480 గ్రెయిన్లు, రెండున్నర తులాలు దాటుతుంది. బరువొక్కటే చాలదు. తూటా లోపల సీసం, పైన గట్టి లోహపు తొడుగు. ముక్కు దగ్గర తొడుగు లేకుండా సీసం బయటికి కనబడితే అది సాఫ్ట్ నోస్. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, జంతువు తొందరగా పడిపోతుంది. పులికి, దుప్పికి ఇది మంచిదన్నారు. ముక్కుదాకా తొడుగుంటే అది సాలిడ్. విచ్చుకోదు, ఎముకను చీల్చుకుని లోపలికి పోతుంది. ఏనుగు తలకు అదే కావాలన్నారు.

ఎంపిక తప్పితే ఏమవుతుందో కూడా వాళ్లకు బాగా తెలుసు. తేలికపాటి మెత్తని తూటాను మరీ వేగంగా కొడితే భుజం ఎముక మీదే ముక్కలైపోవచ్చు. పైన పెద్ద పుండు పడుతుంది, ప్రాణం పోదు. పులి మీద సాలిడ్ వాడితే ఒంట్లోంచి దూసుకుని అవతలికి పోవచ్చు, పులి గాయంతో పొదలో దూరుతుంది. గాయపడ్డ జంతువును వదిలేసి ఇంటికి పోకూడదన్న నీతి ఇక్కడినుంచే పుట్టింది. ఆ నీతిని మేం గౌరవిస్తాం. షికారు పుస్తకాల్లో నిజాయితీగా రాసిన పేజీలు బహుశా ఇవే.

ఇక హాకా దగ్గరికి వద్దాం. అడవికి ఒక వైపు రైఫిలు పట్టుకున్న దొర మంచె మీద కూర్చుంటాడు. మరో వైపు నుంచి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ ఊరి జనం జంతువును అతని వైపు తోలుకొస్తారు. అంటే మధ్యలో జంతువు, దాని వెనక మనుషులు. ఇప్పుడు ఆ అధ్యాయాన్ని మళ్లీ చదవండి. ఒంట్లోంచి దూసుకుపోయిన తూటా ఎటు పోతుంది? విచ్చుకోకుండా గాయం మాత్రమే చేసిన తూటా వల్ల వెనక్కి తిరిగిన పులి ఎవరి మీద పడుతుంది? పుస్తకంలో ఇది తూటా లోపం. హాకా వరుసలో నిలబడ్డవాడికి అది ప్రాణం. ఏ తూటా అన్న ప్రశ్న మంచె మీదివాడికెంతో, పొదల్లో నడిచేవాడికి అంతకంటే ఎక్కువ. అడిగింది మాత్రం మంచె మీదివాణ్నే.

విచ్చుకునే తూటాకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1895లో చిత్రాల్ యుద్ధంలో సరిహద్దు తెగల మనుషులు కొత్త .303 తూటా తగిలినా ఆగకుండా మీదికొస్తున్నారని బ్రిటిష్ సైన్యం ఫిర్యాదు చేసింది. దానికి జవాబుగా కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో ముక్కు విచ్చుకునే తూటా తయారైంది. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటి తూటాలు వాడొద్దని ప్రకటించింది. నాగరికులు కానివాళ్లు మామూలు తూటాకు ఆగరని బ్రిటిష్ ప్రతినిధి అక్కడ వాదించాడు. బ్రిటన్ ఆ ప్రకటనకు ఒప్పుకున్నది 1907లో. షికారు పుస్తకాల్లో పులి గురించి వాడే ‘స్టాపింగ్ పవర్’ అన్న మాట చదివినప్పుడు మాకు ఆ సరిహద్దు తెగలవాళ్లు గుర్తొస్తారు. మృగాన్ని ఆపడానికి, తెగ మనిషిని ఆపడానికి ఒకే లెక్క వేశారు.

.450 రైఫిలు కథా అలాంటిదే. సైన్యం పాత మార్టిని హెన్రీ తుపాకుల తూటా కూడా .450 కొలతే. ఆ తుపాకులు తిరగబడేవాళ్ల చేతుల్లో ఉన్నాయి, తూటాలు దొరికితే ప్రమాదమని సర్కారు 20వ శతాబ్దం మొదట్లో ఆ కొలతను ఇండియాలో నిషేధించింది. తుపాకుల కంపెనీలు .465, .470 లాంటి కొత్త కొలతలు తెచ్చాయి. షికారీలు తమ రైఫిళ్ల గురించి ముచ్చటగా చెప్పుకునే ఆ అంకెల్లో కొన్ని, ఈ నేల మనుషులంటే ఉన్న భయంలోంచి పుట్టాయి.

ఇప్పుడు కార్బెట్. ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ 1944లో వచ్చింది. అందులో చంపావత్ పులి కథ 1907 నాటిది. ఆ ఆడపులి 400 మందికి పైగా మనుషుల్ని చంపింది. చచ్చాక చూస్తే కుడివైపు కోరపళ్లు పైదీ కిందదీ విరిగి ఉన్నాయి. అది పాత తుపాకి గాయమని, దానివల్లే అడవి జంతువుల్ని వేటాడలేక మనుషుల మీద పడిందని కార్బెట్టే రాశాడు. ఎవడో కాల్చిన ఒక చెడ్డ దెబ్బ, అన్ని వందల ఇళ్లలో చావు. తూటా ఎంపిక మీద ఇంతకంటే గట్టి పాఠం ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు. ఆ దెబ్బ కొట్టినవాడెవడో ఎవరికీ తెలియదు.

అదే కథలో హాకాకు వచ్చిన జనం 298 మంది. లైసెన్సు లేని తుపాకులున్నా చూసీచూడనట్టు ఉంటానని, కావాలంటే మందుగుండు కూడా ఇస్తానని తహసీల్దారు ముందే చెప్పాడు. నిన్నటిదాకా నేరమైన తుపాకి ఆ ఒక్క పూట పనికొచ్చింది. కార్బెట్ తన దగ్గర మూడే తూటాలున్నాయని, అవి అయిపోయాక తహసీల్దారు తుపాకి కోసం పరుగెత్తానని దాపరికం లేకుండా రాశాడు. మూడు తూటాల్లో ప్రతిదాని కథా మనకు తెలుసు. 298 మంది మాత్రం ఒక అంకెగా మిగిలారు.

కార్బెట్‌కు పేదల మీద ప్రేమ లేదని మేం అనం. 1952లో ‘మై ఇండియా’ వాళ్ల గురించే రాశాడు. ఆండర్సన్ కూడా బైరా అనే పూజారి తెగ మనిషిని పేరుపెట్టి, స్నేహితుడిగా, అడవి నేర్పినవాడిగా చెప్పాడు. అలా రాయడం చేతనవుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. అందుకే మిగతాచోట్ల రాయకపోవడం మాకు లోటుగా కనిపిస్తుంది. మా దక్కన్ సంగతే చూడండి. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. లంబాడాలు పెంచిన వేటకుక్కకు ఇంగ్లీషు పుస్తకాల్లో బంజారా హౌండ్ అని పేరుంది. దాని కాళ్లు, పరుగు, పట్టు మెచ్చుకుంటూ రాశారు. గొలుసు పట్టుకున్నవాడి పేరు వెతికితే మాకు దొరకలేదు.

ఇది పాత సంగతి కదా అని కొందరంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు పోయింది, అది మంచిదే. కానీ మా జొన్నచేలో, కందిచేలో మంచె ఇంకా ఉంది. చెరకుతోటల్లో పగలంతా పడుకున్న అడవిపందులు రాత్రి చేల మీద పడుతున్నాయి. చట్టప్రకారం అనుమతి ఉన్న షూటరు వచ్చేదాకా రైతు ఆగలేకపోతున్నాడు. నాటు తుపాకిలో ఛర్రాలు దట్టి కొడితే, భుజం మీద దళసరి తోలున్న మగపంది చావదు, గాయంతో తిరుగుతుంది. పొద్దున గడ్డికి పోయిన ఆడమనిషి మీద పడేది అదే. కరెంటు తీగ పెడితే దానికి పందీ మనిషీ తేడా తెలియదు. తప్పు ఆయుధం ఖర్చు కట్టేది ఇప్పటికీ మంచె కింద నడిచేవాళ్లే. పందుల బెడద మీద వార్త రాసేవాళ్లు, తీర్మానం చేసేవాళ్లు ఆ మనిషి దగ్గరినుంచి మొదలుపెట్టాలి.

మా తోటి రచయితలకు ఒక మాట. తండాల్లో హాకా ముచ్చట్లు విని పెరిగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. ఎవరు పిలిస్తే పోయారు, ఎక్కడ నిలబెట్టారు, తుపాకి ఎటువైపు ఉండేది, కూలి ఎంత ఇచ్చారు, గాయపడితే ఎవరు మోసుకొచ్చారు. పేర్లు గుర్తున్నంతవరకు రాసుకోండి. తూటా బరువు ఇప్పటికే గ్రెయిన్లతో సహా రాసిపెట్టి ఉంది.