రాష్ట్రాల రహదారి పరిశోధనల సమన్వయం: కమిటీ పనితీరుపై విమర్శనాత్మక పరిశీలన

6.4 పరిచయం

లూథర్ గులిక్ 1937లో 'పోస్డ్‌కార్బ్' అనే పదాన్ని కూర్చినప్పుడు సమన్వయానికి ఒక స్థానం, నివేదనకు మరొక స్థానం ఇచ్చాడని వెనుకటి యూనిట్‌లో చదివారు. పరీక్షలో ఈ రెండింటినీ ఎవరూ కలిపి రాయరు. కార్యాలయాల్లో మాత్రం తరచుగా కలిసిపోతుంటాయి. నలుగురి దగ్గరి నుంచి నివేదికలు తెప్పించి, ఒక పుస్తకంగా కుట్టించి, 'సమన్వయం పూర్తయింది' అని ఫైలు మూసేస్తారు. మన దేశంలో రాష్ట్రాల రహదారి పరిశోధనలను సమన్వయపరిచే యంత్రాంగానికి ఈ జబ్బు ఎంతవరకు ఉందో ఈ భాగంలో చూద్దాం. చూడడానికి ఢిల్లీ దాకా వెళ్ళనక్కరలేదు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సు ఎక్కితే చాలు.

6.5 నేపథ్యం

ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన 1927లో ఏర్పడిన రహదారుల కమిటీ మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. 1929లో వచ్చిన కేంద్ర రహదారి నిధికి, 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌కు మూలం ఆ నివేదికే. కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ 1952లో ఢిల్లీలో ప్రారంభమైంది. రాజ్యాంగం ప్రకారం జాతీయ రహదారులు కేంద్రానివి, మిగిలిన రోడ్లు రాష్ట్రాలవి. కాబట్టి పరిశోధన కూడా చెదిరే ఉంటుంది. కొంత కేంద్ర సంస్థలో, కొంత రాష్ట్రాల ప్రయోగశాలల్లో, కొంత ఇంజనీరింగ్ కళాశాలల్లో జరుగుతుంది. దీన్ని ఒకచోటికి తేవడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1973లో హైవే రీసెర్చ్ బోర్డును ఏర్పాటు చేసింది.

6.6 బోర్డు పని

బోర్డు పనిలో అందరికీ కనిపించేది 'హైవే రీసెర్చ్ రికార్డ్' అనే సంకలనం. దేశంలోని సంస్థలు తాము చేసిన, చేస్తున్న పరిశోధనల వివరాలను నిర్ణీత పద్ధతిలో పంపుతాయి. బోర్డు వాటిని విషయాలవారీగా కూర్చి ప్రచురిస్తుంది. ఈ పనిని తక్కువ చేసి మాట్లాడకూడదు. నల్లరేగడి నేలను సున్నం కలిపి గట్టిపరచడం గురించి ఒక రాష్ట్రంలో పదేళ్ళు పనిచేశాక, ఆ సంగతి తెలియక పక్క రాష్ట్రం మొదటి నుంచి మొదలుపెడితే పోయేది ప్రజల డబ్బే. ఒక జాబితా ఉండడం, అది అందరికీ దొరకడం పాలనలో చిన్న విషయం కాదు.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. మేరీ పార్కర్ ఫాలెట్ చెప్పిన నాలుగు సూత్రాల్లో ఒకటి, సమన్వయం తొలి దశలోనే మొదలవ్వాలి అన్నది. సంకలనం చేతికి వచ్చేది పరిశోధన జరుగుతుండగానో, జరిగాకనో. ఆ అంశాన్ని ఎవరు ఎంచుకున్నారు, ఎవరికి అవసరమై ఎంచుకున్నారు అన్న దశ అప్పటికే దాటిపోయింది. కళాశాలలో చేసే పని చాలావరకు విద్యార్థి పట్టా కోసం, ఆచార్యుడి ఆసక్తి మేరకు ఎంచుకున్నదై ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ రోడ్డు పాడైనప్పుడు మాట పడే అసిస్టెంట్ ఇంజనీరు ప్రశ్న ఆ జాబితాలోకి ఏ దారిన చేరుతుంది?

ఫలితం వాడుకలోకి వచ్చే దారి కూడా పొడుగే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించే ఏదైనా కోడ్ ముందుమాట తెరిచి చూడండి. సాంకేతిక కమిటీ ముసాయిదా తయారుచేస్తుంది. అది స్పెసిఫికేషన్లు, ప్రమాణాల కమిటీకి, అక్కడి నుంచి కార్యనిర్వాహక కమిటీకి, చివరకు కౌన్సిల్‌కు వెళ్తుంది. ఏ సమావేశం ఏ తేదీన జరిగిందో అచ్చు వేస్తారు. సభ్యుల జాబితాలో ఎక్కువగా కనిపించేది రహదారి శాఖల చీఫ్ ఇంజనీర్లు, పరిశోధనా సంస్థల శాస్త్రవేత్తలు, ఆచార్యులు. జాగ్రత్తగా జరిగే పనే. కానీ ఫలానా పరిశోధన వల్ల ఫలానా క్లాజు మారింది అన్న ముక్క మాత్రం ఆ ముందుమాటల్లో వెతుక్కోవాలి. పాలనాశాస్త్ర విద్యార్థికి తేదీల కంటే ఆ ముక్కే ముఖ్యం.

6.7 అమెరికా పద్ధతితో పోలిక

అమెరికాలో రాష్ట్రాలకు వచ్చే కేంద్ర రహదారి నిధుల్లో 2 శాతం ప్రణాళిక, పరిశోధనల కోసం పక్కన పెట్టాలి. అందులో కనీసం నాలుగో వంతు పరిశోధనకే ఖర్చు చేయాలి. అక్కడి రాష్ట్రాల రహదారి, రవాణా అధికారుల సంఘమైన ఆష్టోకు ఒక పరిశోధన సలహా కమిటీ ఉంది. రాష్ట్రాల రవాణా శాఖల్లో పరిశోధనల బాధ్యత చూసే అధికారులు అందులో సభ్యులు. 1962లో మొదలైన జాతీయ సహకార పరిశోధన కార్యక్రమానికి రాష్ట్రాలు తమ వాటా డబ్బు కలిపి వేస్తాయి. ఏ సమస్యను పరిశోధించాలో ప్రతిపాదించే హక్కు రాష్ట్రాల శాఖలకు, ఆష్టో కమిటీలకు, కేంద్ర రహదారి పరిపాలన సంస్థకు ఉంది. విశ్వవిద్యాలయం నేరుగా అంశం పంపలేదు. వచ్చిన ప్రతిపాదనలకు సలహా కమిటీ సభ్యులు మార్కులు వేస్తారు. పని చేపట్టాక దాన్ని కనిపెట్టి ఉండేందుకు ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో నిపుణుల బృందం ఉంటుంది. ఒక రాష్ట్రం పరిశోధన విభాగం ఎలా నడుస్తోందో ఇతర రాష్ట్రాల వాళ్ళు వచ్చి చూసి మాట్లాడుకునే ఏర్పాటు కూడా నిబంధనల్లోనే ఉంది.

ఇక్కడ ప్రశ్న వాడుకరి దగ్గర పుడుతుంది, డబ్బు కూడా అతనిదే. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. డబ్బు పెట్టినవాడు రేపటికి పనికొచ్చేదే అడుగుతాడు. ఇరవై ఏళ్ళ తర్వాత అవసరమయ్యే ప్రశ్నకు మార్కులు పడవు. మన పద్ధతిలో ఆచార్యుడికి ఉన్న స్వేచ్ఛ అక్కడ తక్కువ.

రాష్ట్రాలు కలిసి చేసిన పరిశోధన ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర ఆషో రోడ్డు పరీక్ష జరిగింది. ఆష్టోకు అప్పటి పేరు ఆషో. ప్రత్యేకంగా వేసిన రోడ్లపై లారీలు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందన్న సూత్రం అక్కడిదే. మన రోడ్ల రూపకల్పనలో వాడే ప్రామాణిక ఇరుసు లెక్క వెనుక ఆ సూత్రమే ఉంది. మంచు పడే నేల మీద పుట్టిన లెక్కతో కొల్లేరు బురద మీద చేపల లారీని కొలుస్తున్నాం. సూత్రం తప్పని కాదు. మన నేలకు సరిచూసుకునే పని ఎవరిది అన్నదే ప్రశ్న.

6.8 కొల్లేరు రోడ్డు

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీరు కొల్లేరులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో సరస్సులో +5 కాంటూరు లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఈ సరస్సు గుండానే ఏలూరు–కైకలూరు రోడ్డు వెళ్తుంది. బెడ్ గ్రామాలకు ఆసుపత్రి, కాలేజీ, రైలు అన్నీ ఈ రోడ్డు అవతలే.

నీరు నిలిచే ప్రాంతాల్లో రోడ్ల నిర్మాణానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 34వ నంబరు ప్రమాణం ఉంది. నీటి నుంచి రోడ్డును కాపాడడం దాని ధ్యేయం. హైవే మాన్యువళ్ళలో కూడా రోడ్డు కింది నేలపొర అడుగు భాగం గరిష్ఠ వరద మట్టం కంటే సాధారణంగా 1 మీటరు ఎత్తున ఉండాలని చెబుతారు. ఇంజనీరుకు ఇది తేలిగ్గా అర్థమయ్యే మాట: కట్ట లేపు. కొల్లేరులో కట్ట లేపితే రోడ్డు గట్టెక్కుతుంది, ఆ కట్టకు ఎగువన నీరు ఆగుతుంది. తూములు చాలకపోతే ఆ నీరు ఎగువ చేలలో నిలుస్తుంది. కట్ట తక్కువగా ఉంటే ఊళ్ళు తెగిపోతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కొల్లేరుకు చేరినప్పుడు చిన్న ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీద నీరు పారి రాకపోకలు ఆగాయి. కట్ట ఎంత ఎత్తు ఉండాలి, ఎన్ని ఖానాలు వదలాలి, ఎంత మేర నీటిని రోడ్డు మీదుగా పారనివ్వాలి అన్నది రోడ్డు ప్రశ్న, నీటి ప్రశ్న కూడా.

ఇప్పుడు శాఖలు లెక్కపెట్టండి. ఆ రోడ్డు రోడ్లు భవనాల శాఖది. దాని నుంచి ఊళ్ళలోకి చీలే దారులు చాలావరకు పంచాయతీరాజ్‌వి. డ్రెయిన్లు, ఉప్పుటేరు జలవనరుల శాఖవి. అభయారణ్యంలో మట్టి తీయాలంటే అటవీ శాఖ, వన్యప్రాణి మండళ్ళ అనుమతులు కావాలి. సరస్సు ఏళ్ళ తరబడి కృష్ణా, పశ్చిమ గోదావరి అనే రెండు జిల్లాల మధ్య చీలి ఉండేది. 2022 ఏప్రిల్ 4న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చాక కలెక్టరు స్థాయిలో కొంత సులువైంది. ఆకివీడు వైపు ఇప్పటికీ పశ్చిమ గోదావరే. రహదారి పరిశోధనలను కూర్చే బోర్డు ఎంత బాగా పనిచేసినా అది కూర్చేది రహదారి పరిశోధనలనే. డ్రెయిన్ల లెక్కలు, పక్షుల లెక్కలు మరెక్కడో ఉంటాయి. అమెరికా కమిటీని తెచ్చి ఇక్కడ పెట్టినా ఈ ఇబ్బంది పూర్తిగా పోదు, అది కూడా రవాణా శాఖల కమిటీయే.

చేపల లారీల సంగతి కూడా ఇలాంటిదే. తక్కువ రద్దీ గ్రామీణ రోడ్ల మార్గదర్శకం 2007లో 10 లక్షల ప్రామాణిక ఇరుసుల వరకు, 2015 సవరణలో 20 లక్షల వరకు లెక్కలోకి తీసుకుంది. ఆ పరిమితి పెరగడం మంచిదే. కానీ ఊరి రోడ్డుకు రద్దీ లెక్కించేది సాధారణంగా కొద్ది రోజులు. ఐసు, చేపలు నింపుకొని కోల్‌కతా, అస్సాం వైపు పోయే లారీలు పట్టుబడి రోజుల్లో వరుస కడతాయి, మిగతా రోజుల్లో రోడ్డు ఖాళీ. ఏ వారం లెక్కపెట్టాలో కొల్లేరు రైతుకు తెలుసు. లెక్కించే ఫారంలో ఆ గడి ఉండాలంటే ప్రశ్న అతని దగ్గర మొదలవ్వాలి.

తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ మొదలైంది. సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఉన్న సంస్థ సరస్సుకు ఇంత దగ్గరలో ఉండడం అదృష్టం. కానీ దగ్గరగా ఉన్నంత మాత్రాన సమన్వయం రాదు. ఏలూరు డివిజన్ కార్యాలయంలోని ప్రశ్న తాడేపల్లిగూడెం ప్రయోగశాలకు చేరే అధికారిక దారి, ఫలితం తిరిగి అదే డివిజన్ అంచనాల్లోకి చేరే దారి రెండూ ఉండాలి. నా ఉద్దేశంలో రాష్ట్రస్థాయిలో పెట్టవలసిన కమిటీ పెద్దది కానక్కరలేదు. రోడ్లు, పంచాయతీరాజ్, డ్రెయిన్లు, అటవీ శాఖల నుంచి ఒక్కొక్కరు, సంస్థ నుంచి ఇద్దరు చాలు. ఏడాదికి ఐదే ప్రశ్నలు ఎంచుకోవాలి. ఏ ప్రశ్న ఎవరు అడిగారో పేరు, హోదాతో రాయాలి. మూడేళ్ళ తర్వాత ఆ అడిగినవారినే పిలిచి, ఏం మారిందో చెప్పించి మినిట్స్‌లో ఎక్కించాలి. ఇలాంటి కమిటీకి సంకలనం అచ్చు వేసే పని అప్పగించకపోవడం మేలు. అచ్చు పని మొదలైతే మిగతా పని వెనుకబడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నివేదన, సమన్వయం మధ్య తేడాను హైవే రీసెర్చ్ బోర్డు ఉదాహరణతో వివరించండి.

2. పరిశోధనాంశాన్ని ప్రతిపాదించే హక్కును రాష్ట్రాల శాఖలకే పరిమితం చేయడంలోని లాభనష్టాలు చర్చించండి.

3. మీ ఊరి దగ్గర వానాకాలంలో తెగిపోయే ఒక రోడ్డును ఎంచుకోండి. అది ఏ శాఖది, దాని పక్క కాలువ ఏ శాఖది, గత వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో ఏ కార్యాలయంలో రాసి ఉందో కనుక్కుని ఒక పేజీలో రాయండి.