తెల్లమట్టి దారుల్లో టైరుదే పైచేయి

ఇటలీలోని సియేనా చుట్టూ ఏటా మార్చిలో జరిగే స్ట్రాదె బియాంకె రేసుకు ఏ సైకిలు సరిపోతుందన్న చర్చ మొదలైతే చాలు, మాటలన్నీ ఫ్రేమ్ మీదికే పోతాయి. ఎన్ని గ్రాములు, ఏ రకం కార్బన్, ఏ కంపెనీ? ఇవన్నీ తర్వాతి సంగతులు. తారూ మట్టీ కలిసిన రేసులో ముందు తేల్చుకోవలసింది టైరు వెడల్పు, అందులో నింపే గాలి. ఆ టైరు పట్టే సైకిలేదో చూసుకోవడం ఆ తర్వాతి పని. ఈ రేసుకు మూలమైన ‘లెరోయికా’ సవారీయే ఇందుకు సాక్ష్యం. పల్లెల మధ్య తెల్లమట్టి దారులు తారు కింద కప్పబడిపోకుండా కాపాడుకోవాలని 1997లో గైయోలె ఇన్ కియాంతి అనే ఊళ్లో అది పుట్టింది. రేసు మొదలైంది పదేళ్ల తర్వాత, 2007లో. లెరోయికాలో నేటికీ 1987కి ముందునాటి తరహా సైకిళ్లే తొక్కాలి. ఉక్కు ఫ్రేములు, కింది గొట్టం మీద గేరు మీటలు. వాటి మీదే వేలమంది ఆ దారులు దాటుతున్నారంటే, ఫ్రేమ్ గురించి మనం పడే బెంగలో సగం అనవసరమేనన్నమాట.

టైరు సంగతి అలా కాదు. చాలాకాలం పాటు రేసు సైకిలు టైరంటే 23 మి.మీ. వెడల్పు, రాయిలా బిగిసేంత గాలి. ఎంత గట్టిగా ఉంటే అంత వేగం అన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. నున్నని ఉక్కు డ్రమ్ము మీద టైరును తిప్పి కొలిస్తే, గాలి పెంచేకొద్దీ నిరోధం నిజంగానే తగ్గుతుంది. అయితే ఆ డ్రమ్ము మీద కంకర లేదు, సైకిలు మీద మనిషీ లేడు. గతుకుల దారిలో గట్టి టైరు రాయి తగిలినప్పుడల్లా సైకిలునూ మనిషినీ కలిపి పైకి ఎత్తేస్తుంది. ముందుకు పోవలసిన శక్తి కొంత అలా పైకి పోతుంది, ఆ అదురంతా కండరాల్లో వేడిగా మారి వృథా అవుతుంది. మెత్తటి టైరైతే రాయిని తనలోకి ఇముడ్చుకుని సాగిపోతుంది. అందుకే గతుకుల నేల మీద గాలి ఒక హద్దు దాటాక నిరోధం తగ్గడం మాని పెరగడం మొదలవుతుంది.

మరి సన్నటి టైరులోనే గాలి తగ్గిస్తే పోదా? పోదు. రాయి తగిలినప్పుడు రిమ్ము నేలదాకా దిగి, మధ్యలో ట్యూబు నలిగి చిరుగుతుంది. వెడల్పు కావలసింది ఇక్కడే. 25 నుంచి 32 మి.మీ.కి వెళితే వెడల్పు పెరిగేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. గాలికి దొరికే చోటు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ట్యూబే లేకుండా సీలెంట్ పోసిన ట్యూబ్‌లెస్ అయితే నలగడానికి ట్యూబుండదు, చిన్న రంధ్రాలు వాటంతటవే పూడుకుంటాయి. 70 కిలోల మనిషి 32 మి.మీ. ట్యూబ్‌లెస్‌తో 50–55 పి.ఎస్.ఐ. గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, వెనక చక్రంలో ఒకటి రెండు ఎక్కువ ఉంచి, తొక్కి చూసి సవరించుకోవచ్చు. బొటనవేలితో నొక్కి చూడటం లెక్కలోకి రాదు, గేజి ఉండాల్సిందే. అంచుకు కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములైతే ఎట్టి పరిస్థితుల్లోనూ 72.5 పి.ఎస్.ఐ. దాటకూడదు.

వెడల్పు టైరు బరువు కదా అంటారు. జతకి 100 గ్రాములు ఎక్కువే అనుకుందాం. మనిషీ సైకిలూ కలిపి 75 కిలోలైతే అది వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. గాలి ఎదురు పెరుగుతుందన్న అభ్యంతరంలో ఇంతకంటే పస ఉంది. టైరు రిమ్ము కన్నా ఉబ్బితే గాలి చెదురుతుంది. దానికి మందు టైరును సన్నబరచడం కాదు, రిమ్మును వెడల్పు చేయడం. తయారీదారులు చేసిందీ అదే.

అలాగైతే 40, 45 మి.మీ. టైర్లు పట్టే గ్రావెల్ (కంకర దారి) సైకిలే తీసుకుంటే సరిపోతుంది కదా అన్నది గట్టి ప్రశ్నే. అమెరికాలోని కాన్సాస్‌లో దాదాపు మొత్తం కంకర మీదే సాగే అన్‌బౌండ్ లాంటి రేసుకు అదే సరైన జవాబు. స్ట్రాదె బియాంకె లెక్క వేరు. 2025లో పురుషుల రేసు 213 కి.మీ.; అందులో మట్టి సుమారు 80. మిగతాదంతా తారు, గెలిచేవారి సగటు వేగం గంటకు 40 కి.మీ. దరిదాపుల్లో. నిటారుగా కూర్చోబెట్టే గ్రావెల్ సైకిలు మట్టి మీద మిగిల్చిన దాన్ని తారు మీద పోగొడుతుంది. అందుకే 32 మి.మీ. టైరు పట్టే రోడ్డు సైకిలే దీనికి తగిన మధ్యేమార్గమని నా అభిప్రాయం. పాత రిమ్ము బ్రేకుల కాలంలో ఈ మార్గమే లేదు. బ్రేకు చేతుల మధ్య అంత టైరు దూరదు. 2018లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యు.సి.ఐ. రోడ్డు రేసుల్లో డిస్క్ బ్రేకులకు పూర్తి అనుమతి ఇచ్చాక ఆ అడ్డు తొలగింది.

కొనేముందు కొలవాల్సింది టైరు మీద ముద్రించిన అంకె కాదు. 28 అని రాసి ఉన్న టైరు, లోపలి వెడల్పు 25 మి.మీ. ఉన్న రిమ్ముకెక్కితే 30 దాకా సాగుతుంది. గాలి నింపి, ఒక రోజు ఆగి, కాలిపర్‌తో కొలిచి, ఫోర్కుకీ టైరుకీ మధ్య ఇరువైపులా నాలుగేసి మి.మీ. సందు ఉందో లేదో చూసుకోవాలి. 2018లో టీష్ బెనోట్ గెలిచిన వాన రేసులోలాగా తెల్లమట్టి అడుసైతే, ఆ సందే చక్రాన్ని తిరగనిస్తుంది. గళ్ల టైర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోనక్కర్లేదు. పొడినేల మీద పలచగా పరచుకున్న కంకరలో జారేది టైరుకీ రాయికీ మధ్య కాదు, రాయికీ దాని కింది నేలకీ మధ్య.

టైరు తర్వాత డబ్బు పెట్టదగ్గది చిన్న గేరు. రేసు దారిలోని లె తోల్ఫె దగ్గర మట్టి ఎక్కుడు 18 శాతం దాకా ఉంటుంది. అక్కడ లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం మీది బరువు తగ్గి అది ఉన్నచోటే తిరుగుతుంది. కూర్చునే ఎక్కాలి, కూర్చుని ఎక్కాలంటే కాళ్లు ఆడే గేరుండాలి. ప్రొఫెషనల్ రేసు మర్నాడు అవే దారుల్లో జరిగే గ్రాన్ ఫోందోకు వెళ్లే ఔత్సాహికులైతే, ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు పెట్టుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు.