గడ్డికి వడదెబ్బ: కర్త లేని వాక్యాలు

మండుటెండల్లో గోల్ఫ్ మైదానపు గడ్డిని ఎట్లా కాపాడుకోవాలో చెప్పే సాంకేతిక రచనలు చాలానే ఉన్నాయి. వాటిని వ్యవసాయశాస్త్రంగా కాకుండా సాహిత్యంగా చదివితే ఏం కనబడుతుందన్నది ఇక్కడ మా ప్రశ్న. గోల్ఫుతో మనకేం పని అని మిత్రులు అడగొచ్చు. ఆడటానికి పోకపోయినా ఆ గడ్డి మీదికి కూలికి పోయేవాళ్లలో మనవాళ్లున్నారు. అందుకే పని ఉంది.

ముందు ఈ రచనలు సాధించిందేమిటో ఒప్పుకోవాలి. గడ్డికి ఒక ఒళ్లుందని అవి గుర్తించాయి. గ్రీన్ల మీద పెంచే బెంట్ గ్రాస్ చలిప్రాంతాల గడ్డి, 15–24 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. 30 దాటితే వేర్లు కురచబడతాయి. తయారుచేసుకునే తిండి కన్నా ఊపిరికయ్యే ఖర్చు ఎక్కువవుతుంది. వాడిన గడ్డి నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. తొక్కితే లేవదు, అడుగు గుర్తు అట్లనే ఉండిపోతుంది. అప్పుడేం చెయ్యాలి? మూడు మిల్లీమీటర్ల ఎత్తున కోసేదాన్ని ఇంకాస్త ఎత్తున కొయ్యాలి. నత్రజని తగ్గించాలి. మిట్టమధ్యాహ్నం పైపైన కొద్ది నిమిషాలు నీళ్లు చల్లాలి. ఈ నీళ్లు వేర్ల కోసం కాదు, ఆకు మీంచి ఆవిరవుతూ వేడిని లాక్కుపోవడానికి. మనిషికి చెమట చేసే పనే.

ఈ ‘కొయ్యాలి’, ‘చల్లాలి’ల్లో కర్త ఎవరు? ఇంగ్లీషులో కర్మణి ప్రయోగం చేసే మాయను తెలుగులో చెప్పుకుంటే ఈ క్రియలు చేస్తాయి. పైపు పట్టుకున్న మనిషి వాక్యంలోకే రాడు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలోకి పోవద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జనానికి చెబుతుంది. గడ్డికి నీళ్లు చల్లాల్సింది సరిగ్గా ఆ గంటల్లోనే. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. సిబ్బందికి టోపీ, నీళ్లు, నీడ ఇవ్వాలని రాసే మార్గదర్శకాలూ లేకపోలేదు. కానీ కాంట్రాక్టరు తోలుకొచ్చిన కూలీ ఆ ‘సిబ్బంది’లోకి వస్తాడా?

అడుగు గుర్తు దగ్గర కాసేపు ఆగుదాం. తొక్కిన గుర్తు చెరగకపోతే గడ్డి కష్టంలో ఉందని, అటు ఎవరినీ నడవనివ్వొద్దని సూత్రం. పీష్వాల పూనాలో అంటరానివాళ్లు తమ అడుగుల్ని తామే చెరిపేసుకుంటూ పోవడానికి నడుముకు చీపురు కట్టుకోవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో రాశారు. అక్కడ మైలపడేది నేల, ఇక్కడ నలిగేది గడ్డి. రెండూ ఒకటేనని మేం అనడం లేదు. కాకపోతే అడుగు పడ్డచోటును ఇంత శ్రద్ధగా చదివే చూపు మాకు కొత్తది కాదు.

ఇక నీళ్లు. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు అంటే పదివేల లీటర్లు. 40 హెక్టార్ల గడ్డికి రోజుకు ఐదు మిల్లీమీటర్లు పెట్టినా 20 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లంది. ఆ లెక్కన ఇది 36 వేల మంది నీళ్లు. 1927లో మహద్ చెరువులో దోసిలి ముంచినందుకే తలలు పగిలిన చరిత్ర మనది. ‘మేం వాడేది శుద్ధిచేసిన మురుగునీరే’ అని జవాబిస్తారు. కొన్నిచోట్ల అది నిజమే, మంచిదే. కానీ ఆ మురుగు శుద్ధికేంద్రం దాకా పారడానికి మ్యాన్‌హోల్లోకి దిగిందెవరో? 2013 చట్టం వచ్చాక కూడా ఆ చావులు ఆగలేదు.

వేడిప్రాంతాల మైదానాల్లో పరిచేది బెర్ముడా గడ్డి. 27–35 డిగ్రీలు దానికి ఇష్టం. పేరు విని ఏదో అనుకుంటాం గానీ అది మన గరికే. మేలురకాలు గరికను ఆఫ్రికా జాతితో కలిపి అమెరికాలోని టిఫ్టన్‌లో తీసినవి. (టిఫ్‌వే 1960లో వచ్చింది. అక్కడి ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘంలో తెల్లవాళ్లకే సభ్యత్వమన్న నిబంధన 1961 దాకా ఉంది.) వినాయకుడి పూజలో గరిక పవిత్రం. మిరపచేలో అదే గరిక మొండి కలుపు, దాన్ని పీకేది కూలికి పోయిన ఆడవాళ్లు. మైదానంలో గరిక పంటయింది, తుంగ కలుపయింది. వాళ్లు మాత్రం అదే ఎండలో గొంతుక్కూర్చుని ఇప్పుడు తుంగ పీకుతున్నారు. ఆ పనిని తెలుగులో ‘కలుపు ఏరించాలి’ అంటాం. ఇన్ని పేజీల్లో కూలిమనిషి జాడ మాకు దొరికింది ఆ ‘ఇంచు’ దగ్గరే.