పైకి లేచు తలుపులు, ప్రక్కకు జరుగు తలుపులు

మోటారు కారును గూర్చి వ్రాయువారు దాని యంత్రశక్తిని, వేగమును, మైలేజీని విస్తరించి వర్ణింతురు గాని, నడుపుట తెలిసినవారును తెలియనివారును, ముసలివారును పసిబిడ్డలును సమానముగ చేయి వేయు భాగము తలుపొక్కటే యన్న సంగతిని తరచు విస్మరింతురు. ఇంజను ఎట్లు పనిచేయునో ఎరుగకయే జీవితమంతయు కారులో తిరుగవచ్చును. తలుపుతో పేచీ వచ్చినచో ప్రయాణమే మొదలు కాదు. నాకు కార్ల తలుపులపై చిరకాలముగ మక్కువ కలదు. ఏ కారు కనబడినను ముందుగా దాని కీళ్లు ఎచ్చట నున్నవో, తెరచినపుడు తలుపు ఎంత చోటు ఆక్రమించునో, కాలు ఎంత ఎత్తి లోన పెట్టవలెనో చూచుట అలవాటైనది. ఈ వారము ఆ మక్కువ చొప్పున కొన్ని విచిత్రములైన తలుపులను, వాని ప్రయోజనమును విచారింపదలచితిని.

మనము నిత్యము చూచు తలుపు ముందువైపు కీళ్లపై తిరుగును. గడియ సరిగా పడక పరుగులో తెరచుకొన్నను, ఎదురుగాలియే దానిని మూయజూచును. ఆ పద్ధతి లోకమంతట స్థిరపడుటకు ఇది ముఖ్యకారణము. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1954 నుండి తయారుచేసిన ఫియట్ 1100 కార్లకు తొలినాళ్లలో ముందు తలుపులకు కీళ్లు వెనుకవైపున ఉండెడివి. పంచె కట్టినవారికిని చీర కట్టినవారికిని ఆ తలుపు నిజముగా సుఖమైనది. సీటుకు వీపు త్రిప్పి కూర్చుండి, పిదప కాళ్లు లోనికి తీసికొన్న చాలును. కాని దారిలో గడియ ఊడెనా, గాలి ఆ తలుపును బలముగ వెనుకకు విసరివేయును. 1964లో వచ్చిన డిలైట్ అను నమూనా నాటికి ఆ కీళ్లు ముందునకు మారినవి. సుఖము ఓడి భద్రత గెలిచిన సందర్భమిది; ఆ తీర్పు న్యాయమైనదే.

విచిత్రమైన తలుపులన్నింటిలో నా మనస్సున అగ్రస్థానము మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ కారు తలుపునకే. యుద్ధములో సర్వమును కోల్పోయి అప్పుడప్పుడే కోలుకొనుచుండిన ఆ జర్మను సంస్థ 1952లో పందెములకు దిగనెంచినపుడు, పందెమునకని ప్రత్యేకముగ కొత్త ఇంజను చేయుటకు సావకాశము లేక, తమ పెద్ద సెడాన్ కారు ఇంజనునే తీసికొనవలసివచ్చెను. శక్తిని మిక్కిలిగా పెంచుట సాధ్యము కానపుడు బరువును తగ్గింపవలెను గదా! రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ అను ఇంజనీరు సన్నని ఉక్కుగొట్టములను త్రిభుజములుగ కూర్చి, ఇంచుమించు 50 కిలోల బరువుతో ఒక చట్రమును కల్పించెను. ఆ చట్రము మెలితిరుగక గట్టిగ నిలుచుటకై గొట్టములు ఇరుప్రక్కల బాగుగ పైకి రావలసెను. వచ్చిన పిమ్మట మామూలు తలుపునకు అచ్చట చోటు మిగులలేదు. కావున కీళ్లను కారు పైకప్పునకు బిగించి, తలుపు నింగివైపునకు లేచునట్లు చేసిరి. రెండును తెరచియుంచినపుడు ఎగురబోవు సముద్రపక్షి రెక్కలవలె నుండుటచే గల్‌వింగ్ తలుపులను పేరు వచ్చినది. ఆ యేటి మిల్లే మిగ్లియా పందెమున అధికారులు దీనిని చూచి సంశయించిరి గాని, తలుపు ప్రక్కకే తెరచుకొనవలెనను నిబంధన ఎచ్చటను లేకుండుటచే అనుమతించిరి. మొదట కిటికీ మట్టమునకే పరిమితమైయున్న ఆ తలుపును లె మాన్ పందెము నాటికి మరికొంత క్రిందికి దించిరి. అచ్చట మొదటి రెండు స్థానములును ఆ కార్లకే దక్కెను.

అమెరికాలో ఆ కార్లను దిగుమతి చేయుచుండిన మాక్స్ హాఫ్‌మన్ ప్రోద్బలముచే, ఈ పందెపు కారు రూపమునే ధనికులు కొనదగిన కారుగ మార్చి 1954 ఫిబ్రవరిలో న్యూయార్కున ప్రదర్శించిరి. 1957 వరకు చేసినవి 1,400 మాత్రమే. అందులో ప్రవేశించుట ఒక విద్య. వెడల్పైన ప్రక్కగట్టుపై ముందు కూర్చుండి, అడ్డు రాకుండ స్టీరింగు చక్రమును క్రిందికి మడచి, కాళ్లను ఒకదాని తరువాత ఒకటిగ దాటించి, సీటులోనికి జారవలెను. కిటికీ అద్దము దిగదు. ఎండకాలమున లోపల ఉక్క భరింపరానిది. కారు తలక్రిందులైనచో తలుపు తెరచుకొనదు. ఇన్ని బాధలున్నను నేను ఆ తలుపును ప్రేమింతును. ఏలయన అది అలంకారము కొరకు పుట్టినది కాదు, చట్రము కోరిన అనివార్యత నుండి పుట్టినది. 1957లో రోడ్‌స్టర్ నమూనా కొరకు చట్రమును సవరించి ప్రక్కలను దించగలిగినపుడు, వారే ఎట్టి మమకారమును లేక మామూలు తలుపును పెట్టిరి. తమ కీర్తికి కారణమైన వింతను అవసరము తీరగనే విడిచిపెట్టిన ఆ ఇంజనీర్ల నిగ్రహము నాకు ఆ కారు అందము కంటెను గొప్పదిగ తోచును.

అట్టి అనివార్యత లేకయే ఆ రూపమును అనుకరించినచో ఏమగునో ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్ చెంత 1981లో తయారైన డిలోరియన్ కారు చూపినది. దాని చట్రము లోటస్ సంస్థవారు తీర్చినది. బలమంతయు నడుమనే కేంద్రీకరింపబడుటచే ప్రక్కల ఎత్తైన గొట్టములతో పనియే లేదు. అయినను తలుపులు పైకి లేవవలెనని సంకల్పించిరి. ఆ బరువైన తలుపులను నిలుపుటకు విమానములు చేయు గ్రమ్మన్ సంస్థ, అతిశీతల ద్రవములో మగ్గించి మెలిపెట్టిన ఉక్కుకడ్డీలను సమకూర్చవలసివచ్చెను. వంపు తిరిగిన తలుపులోనికి పెద్ద అద్దము దిగజాలదు గనుక, అద్దములో ఒక చిన్న గవాక్షమును మాత్రము దించునట్లు ఏర్పరచిరి. తలుపు చేయవలసిన చిన్న పనులను చెరచి, పెద్ద దృశ్యమును సంపాదించుట ఇది. నేను దీనిని మెచ్చజాలను. ఇటలీలో బెర్తోనె సంస్థయందు మార్చెల్లో గాందిని 1968లో కారాబో అను ప్రదర్శనపు కారునకు, తదుపరి 1971లో జెనీవాలో చూపిన లాంబోర్గినీ కౌంటాచ్‌నకు పెట్టిన నిట్టనిలువుగ లేచు తలుపునకు కొంత సమర్థన కలదు. కారు మిక్కిలి వెడల్పు. వెనుక ఏమున్నదో అద్దములో కానరాదు. అందుచే తలుపు పైకెత్తి, ప్రక్కగట్టుపై కూర్చుండి, మెడ త్రిప్పి చూచుచు రివర్సు చేయుట దాని చోదకులకు వాడుకయైనది.

ఇంతకంటె వినయమైన వింత ఈసెట్టా. స్కూటర్లు, రిఫ్రిజిరేటర్లు చేయుచుండిన రెంజో రివోల్టాగారి ఈసో సంస్థ 1953లో దీనిని ఇటలీలో వెలువరించగా, 1955 నుండి బీఎండబ్ల్యూ వారు జర్మనీలో చేసిరి. వారు చేసినవే 1,60,000లకు మించినవి. కారు ముందుభాగమంతయు ఒకే తలుపు. దానితోపాటు స్టీరింగు చక్రమును బయటికి తిరుగును. కారు ముక్కును కాలిబాట కానించి నిలిపి, తలుపు తెరచి, వాహనముల బెడద లేకుండ నేరుగ కాలిబాటపై అడుగు పెట్టవచ్చును. ముందు ఏదైన తగిలి తలుపు బిగిసినచో గుడ్డకప్పును తీసి పైనుండి వెలుపలికి రావలెను. యుద్ధానంతరము పేదరికమున నున్న కుటుంబములకు వాన తగులని ప్రయాణము నిచ్చిన ఆ చిన్న బండి తలుపు, లాంబోర్గినీ తలుపు కంటె ఎక్కువ ఆలోచనతో కట్టబడినదని నా దృఢాభిప్రాయము.

తలుపు ఎవరికొరకు అన్న ప్రశ్నను మరచినవారు పెద్ద సంస్థలలోను కలరు. 2007లో వచ్చిన మినీ క్లబ్‌మన్ కారునకు వెనుక సీటువారి సౌకర్యార్థమై కుడిప్రక్కన మాత్రము ఒక చిన్న అదనపు తలుపు పెట్టిరి. ఎడమప్రక్కన నడుచు బ్రిటనులో అది బిడ్డలను కాలిబాటవైపు గాక రోడ్డువైపునకు దించును. ఆ దేశమున తయారైన కారే అట్లుండుట విచారకరము.

నేను ఈ విషయమును ఇంత పట్టుదలగ చూచుటకు మా తల్లిగారి మోకాళ్లు కారణము. మా అపార్ట్‌మెంటు సెల్లారులో స్తంభమునకు కారునకు నడుమ తలుపు సగమే తెరచుకొనును. ఆ సందులో ఆమె నడుము వంచి, ఒక కాలు లోన, ఒక కాలు వెలుపల నుంచి, నా భుజము పట్టుకొని పడిన శ్రమ నేనెరుగుదును. పైకి లేచు తలుపు అచ్చట దూలమునకు తగులును. ఒకనాడు బంధువుల పాత మారుతి వ్యాను వచ్చినది. తలుపు వెనుకకు జరిగినది. ఆమె పైన చేయి ఆన్చి, తిన్నగ లోనికి వెళ్లి కూర్చున్నది. “ఇట్లాంటిది కొనక, ఆ డొక్కు పెట్టె ఎందుకు కొన్నావురా?” అని అడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయెను.

1984లో వచ్చిన ఆ వ్యాను 2019 వరకు మన బడిపిల్లలను, పెండ్లివారిని, కూరగాయల బుట్టలను మోసినది. దాని ముందుభాగమున రక్షణ తక్కువయన్న విమర్శ సత్యమే గాని అది తలుపు దోషము కాదు. ప్రక్కకు జరుగు తలుపునకు సాధారణముగ మూడు పట్టెలుండును: పైన ఒకటి, క్రింద ఒకటి, కారు ఒంటిమీద నడిమి ఎత్తున ఒకటి. గడియ వీడగనే తలుపు కొంచెము బయటికి వచ్చి, చక్రములపై వెనుకకు దొరలును. దీనికిని లోపములున్నవి. బరువెక్కువ, పట్టెలలో మట్టి చేరినచో మొరాయించును, మూయునపుడు పసివాని వేళ్లు చిక్కుకొనకుండ చూచుకొనవలెను. ఫ్రాన్సులో ప్యూజో సంస్థ 2005లో 1007 అను చిన్న కారునకు విద్యుత్తుతో జరుగు తలుపులు పెట్టగా, బరువు, వెల పెరిగి అది జనాదరణ పొందలేదు.

అయినను ఈ తలుపు చిన్న కారునకు తగదనువారు జపానును చూడవలెను. 3.4 మీటర్ల పొడవు మించరాదను నియమము గల అచ్చటి చిన్న కార్ల తరగతిలో, ప్రక్కకు జరుగు తలుపులు గల హోండా ఎన్‌-బాక్స్ పలు సంవత్సరములు దేశమున అన్నింటికంటె ఎక్కువగ అమ్ముడుపోయినది. దైహాట్సు టాంటో 2007 నమూనాలో ఎడమప్రక్క నడిమి స్తంభమును తొలగించి, దాని బలమును తలుపులలోనే ఇమిడ్చిరి. టొయోటా వారు 2017లో చేసిన టాక్సీ కారున ఎడమ తలుపు మాత్రమే జరుగును, కుడిది మామూలుగ తెరచుకొనును. ప్రయాణికుడు కాలిబాటవైపే దిగవలెనను సంకల్పము అందు స్పష్టముగ కానవచ్చుచున్నది. మన దేశమున ఆ వసతి ఈకో వంటి వ్యానులలోను, పెనుకొండ చెంత కర్మాగారములో 2020 నుండి కూర్చిన కియా కార్నివాల్ వంటి మిక్కిలి వెలగల బండ్లలోను కలదు. నడుమనున్న సామాన్య కుటుంబపు కార్లకు అది అందలేదు. కార్లు చేయువారు ఈ లోటును తీర్పవలెనని నా విన్నపము.

అంతవరకు పాఠకులు ఒక చిన్న అభ్యాసము చేయుదురు గాక. ప్రక్కకు జరుగు తలుపు దారిన పోవువానికి తగులదు. మన కార్ల తలుపు తగులును. హైదరాబాదు, విజయవాడ వీధులలో ఆగిన కారు తలుపు హఠాత్తుగ తెరచుకొని స్కూటరుపై పోవువారు పడిపోవుట మనము చూచుచునే యున్నాము. చోదకుడు కుడి తలుపును ఎడమచేతితో తెరవవలెను. ఎడమప్రక్క కూర్చున్నవారు కుడిచేతితో తెరవవలెను. నెదర్లాండ్సులో సైకిలువారి రక్షణ కొరకు పాటించు పద్ధతి యిది. చేయి అట్లు దాటించినపుడు శరీరము దానంతట అదే వెనుకకు తిరుగును. వచ్చుచున్న వాహనము కంటబడును. నేడే ఇంటిల్లిపాదికి నేర్పుడు.