ముందు చెయ్యి, తర్వాత స్కాన్, ఆపైన కసరత్తు

స్టేషన్ ఘనపూర్ మైదానంలోనైనా, భూపాలపల్లి వైపు ఘనపూర్ బడి ఆవరణలోనైనా కబడ్డీ కుర్రాళ్ల మోకాళ్లకు పొంచి ఉన్న ప్రమాదం ఒక్కటే. కూతకు వెళ్లినవాడు ప్రత్యర్థిని తాకి, గిరుక్కున వెనక్కి తిరిగే క్షణంలో పాదం మట్టిలో నాటుకుపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. లోపల 'టప్'మని ఏదో తెగినట్టు వినిపించిందని ఆటగాళ్లు చెబుతుంటారు. కొద్ది గంటల్లో మోకాలు ఉబ్బుతుంది. రెండు మూడు వారాలకు వాపు తగ్గి, నడక కుదురుకుంటుంది. బెణికింది, తగ్గిపోయిందనుకుని మళ్లీ బరిలోకి దిగితే, మలుపు తిరిగే చోట మోకాలు పట్టు తప్పుతుంది. ఇలా రెండు మూడుసార్లయ్యాక కాలి మీద నమ్మకమే పోతుంది. మంచి రైడర్ ఇరవై ఏళ్లకే ఆట మానేస్తాడు.

ఆ మోకాల్లో ఏది తెగింది, ఏది నలిగింది, ఏది బాగుంది అని తేల్చడానికి క్రీడా వైద్యం దశాబ్దాలుగా ఒక పద్ధతిని సానబెట్టుకుంటూ వచ్చింది. దానికి మూడు మెట్లు: చేతితో పరీక్ష, ఎమ్మారై స్కాన్, ఫిజియోథెరపీ. ఎక్కాల్సిన వరస ఇదే. మధ్య మెట్టు ఖరీదైనది కాబట్టి అదే ముఖ్యమనుకోవడం మన దగ్గర బాగా పెరిగింది. నిజానికి స్కాన్ విలువ దాని ముందు వేసిన ప్రశ్నలోనూ, దాని తర్వాత చేసే కసరత్తులోనూ ఉంది.

చేతికి తెలిసేది

పని తెలిసిన ఫిజియోథెరపిస్టు మోకాలిని ముట్టుకోకముందే సగం సంగతి రాబడతాడు. పాదం నేల మీద ఉండగా మెలిపడిందా, ఎవరైనా వచ్చి కాలి మీద పడ్డారా? వాపు రెండు గంటల్లో వచ్చిందా, మర్నాడు వచ్చిందా? వెంటనే వచ్చిన వాపులో సాధారణంగా రక్తం ఉంటుంది. ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు తెగిందనడానికో, ఎముక చిట్లిందనడానికో అది గట్టి సూచన. మోకాలు మడిచిన చోటే పట్టేసి, తిన్నగా చాపడం కుదరకపోతే మెనిస్కస్ అనే మృదులాస్థి పొర ముక్క కీలు మధ్య ఇరుక్కుని ఉండవచ్చు.

ఆ తర్వాత చేతి పని. తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య ఏటవాలుగా సాగే ఏసీఎల్ అనే లిగమెంటు, కింది ఎముక ముందుకు జారకుండా ఆపుతుంది. దాని సత్తా చూడటానికి లాక్‌మన్ పరీక్ష ఉంది. ఫిలడెల్ఫియా టెంపుల్ విశ్వవిద్యాలయంలో జాన్ లాక్‌మన్ నేర్పిన ఈ పద్ధతిని ఆయన శిష్యుడు జోసెఫ్ టార్గ్ 1976లో వైద్య లోకానికి పరిచయం చేశాడు. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు మడిచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగుతారు. లిగమెంటు బాగుంటే కొద్దిగా కదిలి గట్టిగా ఆగుతుంది. తెగి ఉంటే మెత్తగా, ఆపేదేమీ లేనట్టు ముందుకు వస్తుంది. దెబ్బ తగలని కాలిని ముందు చూసి, ఆ తర్వాతే రెండోది చూడాలి. ఎవరి కీళ్ల వదులు వారిది కదా. దెబ్బ తగిలిన రోజు నొప్పికి కండరాలు బిగుసుకుని పరీక్షకు లొంగకపోతే, వారం పది రోజులకు మళ్లీ చూస్తారు.

ఈ పరీక్షకు కరెంటు అక్కర్లేదు. ఒక బల్ల, సాధన చేసిన రెండు చేతులు చాలు. స్కాన్ అవసరమా కాదా, అవసరమైతే అందులో ఏం వెతకాలి అన్నది ఇక్కడే తేలుతుంది.

నీటి జాడ పట్టే యంత్రం

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ లిగమెంటు, మెనిస్కస్, కండరం కనిపించవు. ఎమ్మారై వీటన్నిటినీ చూపిస్తుంది, అదీ ఎక్స్‌రే కిరణాలు లేకుండా. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ నిండుగా ఉంటుంది. ప్రతి హైడ్రోజన్ కేంద్రకం దిక్సూచి ముల్లులా చిన్న అయస్కాంతం. 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు. అందులో పడుకుంటే ఆ కేంద్రకాలలో కొన్ని ఒక వరసకు వస్తాయి. అప్పుడు రేడియో తరంగాలతో వాటిని కాస్త పక్కకు నెట్టి వదిలేస్తే, తిరిగి వరసకు వస్తూ సన్నని సంకేతం పంపుతాయి. నీరు ఎక్కువున్న చోట ఒకలా, కొవ్వులో ఒకలా, గట్టి నారలో ఇంకోలా వచ్చే ఆ సంకేతాలనే కంప్యూటరు చిత్రంగా మారుస్తుంది.

ఈ సంకేతాలతో చిత్రం గీయవచ్చని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ సంకేతాలను గణితంతో విశ్లేషించి, చిత్రాన్ని వేగంగా తీసే దారి వేశాడు. ఇద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. 1977 జూలైలో రేమండ్ డమాడియన్ బృందం తీసిన మొదటి మానవ దేహ స్కాన్‌కు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇవాళ మోకాలి స్కాన్‌కు అరగంట చాలు.

క్రీడా గాయాల్లో దీని బలమంతా నీటి జాడ పట్టడంలో ఉంది. దెబ్బ తగిలిన చోటికి నీరు చేరుతుంది. కొవ్వు సంకేతాన్ని అణిచివేసి తీసిన చిత్రంలో ఆ నీరు తెల్లగా మెరుస్తుంది. బాగున్న ఏసీఎల్ నల్లటి పట్టీలా తిన్నగా సాగుతుంది. తెగినప్పుడు ఆ గీత చెదిరి, వాచి, తెల్లబారుతుంది. మెనిస్కస్ నల్లగా ఉండాలి, దాని అంచును తాకే తెల్లని గీత కనిపిస్తే చిరిగిందని అర్థం. మోకాలు మెలిపడ్డప్పుడు తొడ ఎముక బయటి వైపు, కింది ఎముక వెనక భాగం ఢీకొంటాయి. ఆ రెండు చోట్లా ఎముక లోపల కమిలిన తెల్లని మచ్చలు వారాల తరబడి ఉంటాయి. అనుభవజ్ఞుడైన రేడియాలజిస్టు ఆ మచ్చలను చూసి, ఆ రోజు మైదానంలో కాలు ఎలా తిరిగిందో చెప్పగలడు.

సింధు పాదం

స్కాన్ సమయానికి ఎలా అక్కరకొస్తుందో బ్యాడ్మింటన్ తార పీవీ సింధు విషయంలో తెలుగువాళ్లంతా చూశారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో క్వార్టర్ ఫైనల్ దగ్గరే ఆమెకు ఎడమ పాదంలో నొప్పి మొదలైంది. కోచ్, ఫిజియో, ట్రైనర్ల సాయంతో నెట్టుకొచ్చి ఆగస్టు 8న ఫైనల్లో మిషెల్ లీని ఓడించి స్వర్ణం గెలిచింది. హైదరాబాద్‌కు రాగానే ఎమ్మారై తీయించుకుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో టోక్యోలో జరగాల్సిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుంది. 2023 జనవరి మలేషియా ఓపెన్‌లో మళ్లీ కోర్టులో అడుగుపెట్టింది.

స్ట్రెస్ ఫ్రాక్చర్ ఒక్క దెబ్బకు వచ్చేది కాదు. ఎముక తనను తాను బాగుచేసుకునే వేగం కన్నా దాని మీద పడే మోత ఎక్కువైనప్పుడు సన్నగా చిట్లుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో తరచూ ఏమీ కనిపించదు. ఎమ్మారైలో మాత్రం ఎముక లోపలి వాపు ముందే తెలుస్తుంది. పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం ఒక్కసారిగా 1600 మీటర్ల పరుగు మొదలుపెట్టే మన యువకులకు, 800 మీటర్లు పరుగెత్తే అమ్మాయిలకు ఈ పాఠం చాలా అవసరం. మోకాలి కింద ఎముక మీద ఒక్క చోటే వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, పరుగులో పెరిగి, చివరికి నడకలో కూడా బాధిస్తే పరుగు ఆపాలి. ఎక్స్‌రే బాగుందన్న మాట పట్టుకుని పరుగెత్తితే, వారాల్లో మానేది నెలలకు ఎక్కుతుంది.

నొప్పి లేని మచ్చలు

ఇంత చూపగల యంత్రం మనిషిని భయపెట్టనూ గలదు. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి వెన్ను ఎమ్మారై తీస్తే, వారిలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. 2008లో నడి వయసు, పెద్ద వయసు వారి మోకాళ్లను చూసిన మరో పరిశీలనలో, మెనిస్కస్ చిరిగి ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో నొప్పీ పట్టేయడం వంటి బాధలే లేవు. జుట్టు నెరిసినట్టే లోపలి పొరలూ వయసుతో మారతాయి. వాటన్నిటినీ జబ్బు కింద లెక్కగట్టకూడదు.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసేవారికి, వంగి నాట్లు వేసే ఆడవాళ్లకు నడుం నొప్పి కొత్త కాదు. 'డిస్క్ జరిగింది' అన్న రిపోర్టు చేతికి రాగానే వంగడం మానేసి, మంచం పట్టి, కండరాలు ఇంకా బలహీనపరుచుకునేవారు ఎందరో. నిజానికి జారిన డిస్క్ ముక్కల్లో చాలా వాటిని శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. మామూలు నడుం నొప్పికి మొదటి ఆరు వారాలు కదలిక, కసరత్తు, నొప్పి మందు చాలు. కాలి పాదం పడిపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పెద్ద దెబ్బ, పాత కేన్సర్, వీటిలో ఏది ఉన్నా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. అప్పుడు ఎమ్మారై నడకను, ప్రాణాన్ని కాపాడుతుంది.

చిత్రం తర్వాతి నెలలు

ఏసీఎల్ తెగిందని తేలగానే అందరూ ఆపరేషన్ బల్ల ఎక్కనక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకులతో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, వెంటనే ఆపరేషన్ చేసినవారికీ, ముందు వ్యాయామం చేయించి అవసరమైతేనే ఆపరేషన్ చేసినవారికీ రెండేళ్ల తర్వాత మోకాలి బాధల్లో పెద్ద తేడా లేదు. ఆ స్కాన్లను మళ్లీ పరిశీలించి 2022లో చెప్పిన సంగతి ఇంకా ఆశ్చర్యకరం. ఆపరేషన్ జోలికి పోకుండా వ్యాయామంతోనే గడిపినవారిలో సగం మందికి పైగా తెగిన లిగమెంటు రెండేళ్లకు అతుక్కున్నట్టు ఎమ్మారైలో కనిపించింది. కబడ్డీలా గిరుక్కున తిరిగే ఆటలకు మళ్లీ వెళ్లాలనుకునేవారిలో, మోకాలు పదేపదే పట్టు తప్పేవారిలో ఆపరేషన్ మంచి దారే. ఏ దారైనా వ్యాయామం తప్పదు.

మొదట వాపు దించి, మోకాలు పూర్తిగా తిన్నగా చాపగలిగేలా చేయాలి. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి అదిమి తొడ కండరాన్ని మేల్కొల్పాలి. తర్వాత కాలు తిన్నగా ఎత్తడం, సైకిలు, రెండు కాళ్ల గుంజీలు, ఒంటికాలి గుంజీలు. ఆపైన ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాల బలం, గెంతులు, చివరగా దిశ మార్చే పరుగు. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. అతికించిన కొత్త లిగమెంటు మొదటి నెలల్లో బలం తగ్గి, మళ్లీ మెల్లగా పెరుగుతుంది. ఆటగాడికేమో అప్పటికే అంతా బాగైపోయిందనిపిస్తుంది. అందుకే తొందరపడటం ప్రమాదం. 2016లో వచ్చిన నార్వే, అమెరికా ఉమ్మడి పరిశీలనలో, ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకూ ఆటలోకి తిరిగి రావడాన్ని ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడటం దాదాపు సగానికి తగ్గింది. గాయపడిన కాలి బలం, గెంతే దూరం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి చేరాయా అన్నది కొలిచి చూడాలి. ఆ అంకె ఏ స్కానూ చెప్పదు.

బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ 1994లో పుణే జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగి కుప్పకూలాడు. ఆపరేషన్, ఏళ్ల తరబడి కసరత్తు దాటుకుని 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం దెబ్బతిని దాదాపు ఏడాది రింగుకు దూరమైంది. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. వీళ్లను తిరిగి నిలబెట్టింది ఓపికగా చేసిన వ్యాయామం.

మన ఊళ్ల దాకా

ఎమ్మారై యంత్రం ఘనపూర్‌కు రావాల్సిన పని లేదు. వరంగల్, హనుమకొండ దాకా వెళితే అందుతుంది. ఊరిదాకా రావాల్సింది మొదటి మెట్టూ, మూడో మెట్టూ. పీఈటీ సార్లకు గాయపడిన కుర్రాణ్ని అడగాల్సిన నాలుగు ప్రశ్నలు తెలియాలి. మొదటి రోజుల్లో నూనె రాసి గట్టిగా లాగించడం, తోమించడం వద్దని చెప్పగలగాలి. మండల ఆసుపత్రిలో వారానికి కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి. స్కాన్‌కు పంపే చీటీలో 'మోకాలి నొప్పి' అని రెండు మాటలు రాసి ఊరుకోకుండా, ఏ కాలు, ఏ రోజు, ఎలా మెలిపడింది, లాక్‌మన్ పరీక్షలో ఏం తేలింది అని రాయాలి. ఆ నాలుగు వాక్యాలుంటే రేడియాలజిస్టు ఎక్కడ నిలిచి చూడాలో తెలుసుకుంటాడు. ఒంట్లో లోహపు ముక్కలు, పేస్‌మేకర్ వంటివి ఉంటే ముందే చెప్పాలన్న సంగతి కూడా ఆ చీటీలోనే ఉండాలి.

రిపోర్టు చేతికొచ్చాక ఆటగాడు అడిగే మొదటి మాట, "సార్, మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు?" దానికి జవాబు ఫిల్ములో వెతక్కూడదు. కాలితో పని చేయించి, బలం కొలిచి, గెంతు చూసి చెప్పాలి. అలా చెప్పగలిగే మనిషి ప్రతి మండలంలో ఒకరుంటే, ఈ నేల మీద పుట్టిన ఎన్నో మోకాళ్లు ఇరవై ఏళ్లకే ఆట చాలించనక్కర్లేదు.